మట్టి ముట్టి చెప్పవలసిన మాట

పోయిన వారం మా స్కూలు హాల్లో కరాటే నేర్పే మాస్టారు నా గదికి వచ్చి, ఆదివారం పోటీలు పెడుతున్నాం, మీరు రెఫ్రీగా నిలబడాలి సార్ అన్నాడు. నిలబడను అన్నాను. బెట్టు చేస్తున్నాననుకున్నట్టున్నాడు, నవ్వుతూ జేబులోంచి కొత్త ఈల తీసి నా బల్ల మీద పెట్టాడు. ఎర్ర తాడు కట్టిన ప్లాస్టిక్ ఈల. దాన్ని వేలితో ఆయన వైపుకే తోశాను. కుర్చీలు వేయమంటే వేస్తాను, స్కోరు రాయమంటే రాస్తాను, దెబ్బ తగిలినవాళ్లకి ఐసుముక్క పెడతాను, ఈల మాత్రం పట్టుకోను అని చెప్పాను. ఇన్నేళ్ల సర్వీసున్న డ్రిల్లు మాస్టారు ఇదేం మాట అనుకుంటూ మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. వెళ్లనీ. ఆయనకి నా సంగతి ఏం తెలుసు?

ఈల అన్నది మా గోదావరి వైపు మాట. ఇక్కడ పాతబస్తీలో దాన్ని సీటీ అంటారు. నా మెళ్లో ఎప్పుడూ అది వేలాడుతూ ఉండేదని, ఒక మనిషి నాకు సీటీ సారు అని పేరు పెట్టాడు. ఆయన పోయి నాలుగేళ్లు దాటింది. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఆయన సొంత పేరు నేను రాయను. రాసినా ఎవరికీ తెలియదు. యాకుత్‌పురాలో రైలు పట్టాల ఇవతల ఉన్న గల్లీల్లో ఉస్తాద్ అంటే ఆయనొక్కడే.

పాల వ్యాపారం ఆయనది. ఇంటి వెనక ఆరేడు బర్రెలు, వాటి పక్కన రేకుల కప్పుతో ఒక తాలీం. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. నాలుగు గోడలు, మధ్యలో మట్టిగుంట, గోడకి హనుమంతుడి పటం, మూల నిలబెట్టిన గదలు, అంతే. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి ఆ పక్క గల్లీలో రెండు గదులు అద్దెకి తీసుకున్నప్పుడు పాల కోసం గిన్నె పట్టుకుని మొదటిసారి వెళ్లాను. గిన్నె అందుకోబోయి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆంధ్ర నుంచి వచ్చిన డ్రిల్లు సారు మీరేనా?"

అవునన్నాను.

"రాత్రి అన్నం తినలే గదా."

నిజంగానే తినలేదు. ఊరు కొత్త, హోటలు ఎక్కడుందో తెలియదు, అద్దె గదిలో పొయ్యి ఇంకా పెట్టలేదు. ఎలా తెలిసిందని అడిగితే, "పట్టు జెప్తది సారూ" అన్నాడు. ఆ పూట పాలతో పాటు వాళ్లింటి జొన్నరొట్టె కూడా నా గిన్నె మూత మీద పెట్టి పంపాడు.

ఎవరితో ఏది మాట్లాడినా అలా మణికట్టు పట్టుకునేవాడు. అడగవలసింది అడిగి, జవాబు నమ్మకం కుదిరాకే వదిలేవాడు. కొత్తవాళ్లకి అది ఇబ్బందిగా ఉండేది. నాకూ మొదట్లో ఉండేది. తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఇష్టమైంది, చివరికి భయమైంది. ఎందుకైందో చెప్తాను.

మనిషి పొడగరి కాదు. పహిల్వాన్ అంటే ఆజానుబాహువు అనుకుంటాం, ఆయన నా చెవి దాకా వచ్చేవాడు. చెవులంటే గుర్తొచ్చింది. ఆయన రెండు చెవులూ చితికి, గట్టిపడి, ముడుచుకుపోయి ఉండేవి. చిన్నప్పటి నుంచీ తల అవతలివాడి తలకి ఆనించి తోసి తోసి అలా అయ్యాయట. నేను నా ట్రైనింగు సర్టిఫికెట్ల గురించి ఏదో గొప్ప చెప్పుకుంటుంటే చెవి మీద వేలితో తట్టి, "నా సర్టిఫికెట్లు గివి సారూ. పెట్టెల దాచవెట్టే పని లేదు, చెదలు వట్టవు" అన్నాడు.

బర్రెలతో ఉర్దూలో మాట్లాడేవాడు, మనుషులతో తెలుగులో. అదేంటని అడిగాను. "గుస్స వస్తే ఉర్దూల మంచిగ తిట్టొస్తది. మనుషులను తిట్టుడు ఎందుకని తెలుగు" అన్నాడు. తాలీంలో ఒక్క తిట్టు వినపడకూడదు. కోపంతో వచ్చినవాణ్ణి గుంటలోకి దిగనిచ్చేవాడు కాదు. పార చేతికిచ్చి, "మొదలు మట్టి తవ్వు, తర్వాత మాట్లాడుదాం" అనేవాడు. ఒక్కోరోజు ఇద్దరు ముగ్గురు కోపగాళ్లు వచ్చి గుంటంతా రెండేసి సార్లు తవ్వి, చల్లబడి, కుస్తీ పట్టే ఓపిక లేక ఇంటికి పోయేవాళ్లు. ఆయన ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఆ మట్టి సంగతి చెప్పాలి. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, అందులో నువ్వులనూనె, పసుపు, మజ్జిగ, ఎండిన వేపాకు పొడి కలిపేవారు. ఆ పనంతా ఖాదర్ భాయ్‌ది. ఉస్తాద్‌కి చిన్ననాటి స్నేహితుడు, ఎదురింటాయన. మొహర్రం రోజుల్లో కర్ర తిప్పడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడంటారు. ఊళ్లో గొడవలై కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో కూడా, వెనక దొడ్డిదారిన వచ్చి గుంట తడిపి వెళ్లేవాడు. మట్టి ఎండితే పగులుతుంది, పగిలితే మళ్లీ మొదలు, అదే ఆ ఇద్దరి ఫికరు, దిగులు.

ఆ మట్టికి ఒక కట్టుబాటు ఉంది. కుస్తీలో తకరారు వస్తే, గెలుపు నాదంటే నాది అని ఇద్దరూ పట్టుబడితే, ఉస్తాద్ తీర్పు చెప్పేవాడు కాదు. గుంటలోంచి గుప్పెడు మట్టి కుడిచేత్తో తీసి చెప్పమనేవాడు. మట్టి ముట్టి చెప్పిన మాటకి తిరుగు లేదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగకూడదు, ఉస్తాద్ కూడా. ఒకసారి నా కళ్లముందే ఒకడు అరగంట వాదించి, మట్టి చేతిలోకి తీసుకోగానే తల వంచుకుని, "నా ఈపే తాకింది ఉస్తాద్" అన్నాడు. కుస్తీలో వీపు నేలకి తాకినవాడు ఓడినట్టు. ఓడినందుకు ఆయన వాణ్ణి ఏమీ అనలేదు. ఆ రోజు వాడికి ఒక చెంబు పాలు ఎక్కువ పోశాడు.

ఇలాంటి మనిషికి నేను చాప చూపించాను.

చాప అంటే కుస్తీ మ్యాట్. లోపల కొబ్బరిపీచు, పైన కాన్వాసు గుడ్డ. మా స్కూలు స్టోరులో మూలపడి ఉంటే హెడ్మాస్టరుగారిని బతిమాలి హాల్లో పరిపించాను. నాకప్పుడు ముప్పై ఏళ్లు నిండలేదు. ట్రైనింగు కాలేజీలో రూల్సు పుస్తకం బట్టీపట్టి వచ్చాను. మట్టిలో ఎంత గెలిచినా కాగితం మీద పడదు, కాగితం మీద పడకపోతే ఉద్యోగం లేదు, రైల్వేలో ఆటగాళ్లకి కోటా ఉంది, చాప మీద గెలిచినవాళ్లకే ఇస్తారు అని రోజూ పాలు పోయించుకుంటూ ఉస్తాద్ బుర్ర తినేవాణ్ణి. చివరికి ఒకరోజు వచ్చి చూస్తానన్నాడు.

హాలు గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాడు. చాప అంచున వంగి, దాన్ని కుడిచేత్తో తాకి కళ్లకద్దుకున్నాడు, గుంటలో దిగేముందు చేసినట్టే. తర్వాత ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"వాసన లేదు" అన్నాడు.

నేను కుస్తీ పట్టించి చూపించాను. పాయింట్లు ఎలా లెక్కిస్తారో వివరించాను. ఓపిగ్గా అంతా విని, "ఆరు, నాలుగు అంటే ఏంది సారూ? ఎవని ఈపు తాకింది?" అని అడిగాడు. ఎవరి వీపూ తాకలేదు, అయినా ఆరు వచ్చినవాడు గెలిచినట్టు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "సూసెటోనికి సూస్తుంటెనే ఎర్క గావాలె గదా ఎవడు గెల్చిండో. కాయితం సదివినంక ఎర్కైతే అది కుస్తీ ఎట్లైతది?" అన్నాడు. తర్వాత చాప మీద నిలిచిన చెమటని కాలి బొటనవేలితో రాసి చూసి, "మట్టైతే తాగుతుండె. గిది తాగుతలేదు" అన్నాడు.

అంతా అయ్యాక, పోబోయేముందు నా మణికట్టు పట్టుకున్నాడు. "సారూ, మా యాదగిరికి నౌకరి వస్తదా దీని మీద?"

"గెలిస్తే వస్తుంది ఉస్తాద్. నాదీ పూచీ" అన్నాను. వదిలేశాడు.

యాదగిరి ఆయన శిష్యుల్లో మేటి. ఫలక్‌నుమా దగ్గర ఒక లేతు షెడ్డులో పనిచేసేవాడు. అప్పటికి పెళ్లయి ఏడాదైంది. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. ఉస్తాద్‌కి పిల్లలు లేరు. యాదగిరిని కొడుకని ఎప్పుడూ అనలేదు కానీ, పొద్దున్నే మొదటి బర్రె పాలు వాడి చెంబులోకే పిండేవాడు. రైల్వే ఉద్యోగానికి వాడి వయసు ఆ ఏడాదితో దాటిపోతుంది. అంటే ఆరు నెలల్లో రాబోయే రైల్వే సెలక్షను పోటీ తప్పితే మరొకటి లేదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆరు నెలలు వాడికి చాప నేర్పాను. మిగతావన్నీ తొందరగా వచ్చాయి. ఒక్కటి మాత్రం రాలేదు. మట్టిలో అవతలివాడి వీపు తాకిందంటే కుస్తీ అయిపోయినట్టు. ఆ తర్వాత కూడా వాణ్ణి నొక్కిపట్టి ఉంచడం పెద్ద తప్పు, పడ్డవాణ్ణి అవమానించడం. వెంటనే వదిలేసి, వెనక్కి తిరిగి, మట్టి తాకి ఉస్తాద్‌కి దండం పెట్టాలి, తర్వాత పడ్డవాడికి చెయ్యిచ్చి లేపాలి. చాప మీద అలా కాదు. రెండు భుజాలూ ఆనించి ఒక క్షణం నిలపాలి, రెఫ్రీ చూసి చేత్తో చాపని కొట్టి ఈల ఊదాలి, అప్పుడే వదలాలి. "నేను చాప కొట్టేదాకా వదలకు" అని వాడికి వందసార్లు చెప్పి ఉంటాను. తల ఊపేవాడు. ఒంటికి మాత్రం ఎక్కలేదు.

పోటీ రోజున రెఫ్రీలు చాలలేదు. యాదగిరి పట్టే చివరి కుస్తీకి నన్ను నిలబడమన్నారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెళ్లో ఈల. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉంది. మా బస్తీవాడి కుస్తీకి నేను నిలబడకూడదని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఉస్తాద్ ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి, చాపకి నాలుగడుగుల దూరంలో ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. కుస్తీ మొదలవుతుండగా అవతలివాళ్ల వైపు నుంచి ఎవరో గట్టిగా అన్నారు: "వాళ్లింట్ల పాలు తాగేటోడే సీటీ ఊదుతుండు. ఇంకేం కుస్తీ."

జనం నవ్వారు. నాకు చెవులు మండిపోయాయి. పాలు తాగే మాట నిజమే కదా.

మూడో నిమిషంలో యాదగిరి ధోబీ పట్టు వేశాడు. చాకలి బట్టని బండకేసి కొట్టినట్టు మనిషిని భుజం మీదుగా తెచ్చి వేయడం అది. అవతలివాడు వెల్లకిలా పడ్డాడు. నేను మోకాళ్ల మీద వంగి, చెంప చాపకి ఆనేంత దగ్గరగా చూశాను. రెండు భుజాలూ తాకాయి. తాకి నిలిచాయి. రూలు ఎంతసేపు నిలవాలందో అంతసేపూ నిలిచాయి. నా చెయ్యి లేచింది.

అప్పుడు ఆ పాల మాట చెవిలో మళ్లీ మోగింది. ఇంకొక్క క్షణం ఆగుదాం, ఎవరూ వేలెత్తి చూపకుండా ఉంటుంది అనుకున్నాను. అంతే నేను చేసింది. ఆ ఒక్క క్షణంలో యాదగిరి పట్టు వదిలేసి, వెనక్కి తిరిగి, వంగి చాపని తాకి ఉస్తాద్‌కి దండం పెట్టాడు. అవతలివాడు లేచి, వెనక నుంచి వాణ్ణి పడేసి, మీద పడి నొక్కాడు. యాదగిరి గింజుకోలేదు. ఏం జరుగుతోందో వాడికి అర్థం కాలేదనుకుంటాను, కుస్తీ అయిపోయింది కదా అన్నట్టు నా మొహంలోకి చూస్తున్నాడు. వాడి భుజాలు చాపకి ఆనాయి. ఈసారి నా చెయ్యి ఆగలేదు. చాప కొట్టాను, ఈల ఊదాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో యాదగిరి వెనక సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. యాకుత్‌పురాలో దిగాక ఉస్తాద్ నన్ను పక్కకి పిలిచి మణికట్టు పట్టుకున్నాడు.

"సారూ, మీరు దగ్గరుంచి సూసిండ్రు. వాని ఈపు తాకిందా?"

తాకింది అంటే, మరి నువ్వెందుకు ఊదలేదు అని అడుగుతాడు. దానికి నా దగ్గర ఉన్న జవాబు సిగ్గుచేటు.

"తాకలేదు ఉస్తాద్. ఒక భుజం లేచే ఉంది. యాదగిరి తొందరపడ్డాడు."

వెంటనే వదల్లేదు. నా మొహంలోకి కాదు, నా చేతి వైపే చూస్తూ చాలాసేపు పట్టుకున్నాడు. నా నాడి ఎంత గట్టిగా కొట్టుకుందో నాకే వినపడింది. ఆఖరికి "సరే" అని వదిలేశాడు. నమ్మాడు. చదువుకున్న సారు, ఉద్యోగం ఉన్న సారు, రూల్సు పుస్తకం తెలిసిన సారు అబద్ధం ఎందుకు ఆడతాడనుకున్నాడు. పట్టు చెప్పినదాన్ని కాదని నా మాటనే నమ్మాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిలువునా సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున పాలకి వెళ్లేసరికి తాలీంలో అందరూ గుంట చుట్టూ నిలబడి ఉన్నారు. మధ్యలో యాదగిరి. నన్ను చూసి ఉస్తాద్, "రాండ్రి సారూ" అన్నాడు. ఓడినందుకు వాణ్ణి ఏమీ అనడంలేదు, తప్పు ఒప్పుకొమ్మంటున్నాడు, అంతే.

"తాకకముందే ఇడిశిపెట్టినవ్. గదొక్క మాట అను. అయిపాయె."

"తాకింది ఉస్తాద్" అన్నాడు యాదగిరి. "నా చేతుల కింద తాకింది. నాకు ఎర్క గాదా?"

"సారు జెప్పిండు తాకలేదని. సారు అబద్ధమెందుకు ఆడ్తడు?"

యాదగిరి నా వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. నేను గిన్నెలోకి చూసుకున్నాను.

"నేను మట్టి ముట్టి చెప్త" అని వాడు వంగాడు. చెయ్యి గుంటకి జానెడు దూరంలో ఉండగా ఉస్తాద్ వాడి మణికట్టు పట్టుకుని ఆపేశాడు. నేను ఆ తాలీంలో చూసినన్నాళ్లలో, మట్టి ముడతానన్నవాణ్ణి ఆయన ఆపడం అదొక్కసారే.

"వద్దు బిడ్డా, ముట్టకు" అన్నాడు. వాణ్ణి బిడ్డా అనడం కూడా అప్పుడే విన్నాను.

"ఎందుకు ముట్టొద్దు?"

ఉస్తాద్ పట్టు ఇంకా బిగించాడు. యాదగిరి చెయ్యి విదిలించుకుని, చొక్కా భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు. "ఒక్క మాట కోసం ఇంత లొల్లి ఎందుకు, సారునే ముట్టి చెప్పమనండి" అన్నారెవరో. "ఏ, సారుకు మట్టి ఎందుకు. సదువుకున్నోళ్లు" అన్నాడు ఉస్తాద్. నేను పాలు పోయించుకుని ఇంటికి వచ్చేశాను. ఆ పాలు కాచి పక్కన పెట్టాను కానీ తాగలేకపోయాను.

ఆ తర్వాతది ఎవరైనా ఊహించగలరు. రైల్వే వయసు దాటిపోయింది. లేతు షెడ్డు మూతపడింది. అప్పుడే చాంద్రాయణగుట్ట వైపు పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి. ఒకే ప్లాటుని ఇద్దరికి అమ్మడం, గొడవ పడటం, గొడవ తేల్చడానికి కండలున్న మనిషిని వెనకాల నిలబెట్టుకోవడం. యాదగిరిని అలా ఒకరు నిలబెట్టుకున్నారు. మొదట ఉత్తగా నిలబడ్డాడు, తర్వాత చెయ్యి కూడా చేసుకున్నాడు. ఒక ముసలాయన చెయ్యి విరిగిందని బస్తీలోకి కబురొచ్చిన రోజున ఉస్తాద్ పాలు పిండలేదు. బర్రెలు అరుస్తుంటే ఖాదర్ భాయ్ వచ్చి పిండాడు.

ఆ రోజుల్లో పాతబస్తీలో పహిల్వాన్ అన్న మాటకి అర్థమే మారిపోయింది. పహిల్వాన్ వస్తున్నాడంటే తలుపులు వేసుకోవడం మొదలైంది. ఒకసారి దుకాణంలో ఎవరో మర్యాదకే "ఆవో పహిల్వాన్" అంటే, ఉస్తాద్, "నన్ను గట్ల పిలవకుండ్రి భాయ్. పాలాయన అనుండ్రి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఉప్పు ప్యాకెట్టు పట్టుకుని.

చాప మీది కుస్తీ గురించి ఉస్తాద్ చాన్నాళ్లు మాట్లాడలేదు. నా మీద కోపం లేదు, ఎప్పట్లాగే పాలు పోశాడు, ఎప్పట్లాగే సీటీ సారు అన్నాడు. కానీ నేను కనపడ్డప్పుడల్లా మణికట్టు పట్టుకుని ఒకే మాట అడిగేవాడు. "సారూ, యాదగిరి ఎక్కడన్న కనవడ్డడా?" కనపడలేదంటే వదిలేవాడు. అది నిజమే కనక ఇబ్బంది లేదు. అయినా ఆ వేళ్లు నా నాడి మీద పడగానే చెయ్యి లాక్కోవాలనిపించేది. పాలు వేరేచోట పోయించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. అలా చేస్తే ఎందుకని అడుగుతాడని భయం.

ఒకసారి చెప్పేద్దామనే వెళ్లాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. తాలీంలో శిష్యులెవరూ లేరు. అప్పటికి వచ్చేవాళ్లే తగ్గిపోయారు, కుర్రకారంతా తెల్లబట్టల కరాటేకి, బాక్సింగుకి పోతున్నారు. ఆయన ఒక్కడే పారతో గుంట తవ్వుతున్నాడు. ఆయాసపడుతున్నాడు. నన్ను చూసి పార ఆపి, నేను నోరు తెరవకముందే తనే మొదలుపెట్టాడు.

"సారూ, ఒక్క తప్పు జేసిన నేను. ఆ దినం వాడు మట్టి ముడ్తనన్నడు. ముట్టనియ్యలే."

నేను గట్టు దగ్గరికి జరిగాను.

"ముట్టి అబద్ధమాడితే వానికేమన్న అయితదేమో అని భయపడ్డ. వాని మీది పావురంతోనే, ప్రేమతోనే పట్టుకున్న. కానీ ముట్టనియ్యవలసుండె. మట్టికే ఇడిశిపెట్టవలసుండె. ఉస్తాద్ నన్ను దొంగ అనుకున్నడు అని వాడు పోయిండు." పార మీద గడ్డం ఆనించుకున్నాడు. "ఏమో సారూ. తాకిందేమో అని గూడ అనిపిస్తది నాకు అప్పుడప్పుడు. మల్ల మీరు జెప్పిండ్రు గదా అనుకుంట."

అంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది? తలుపు తీసి పట్టుకున్నాడు, నేను లోపలికి అడుగు పెట్టడమే తరవాయి. తాకింది ఉస్తాద్ అంటే సరిపోయేది. రెండే మాటలు. ఆయన యాదగిరి కోసం ఆ పూటే చాంద్రాయణగుట్ట దాకా నడిచి వెళ్లేవాడు, నాకు తెలుసు. నేను ఏమన్నానో తెలుసా? "మీకు ఆయాసంగా ఉంది, పార ఇటివ్వండి" అన్నాను. ఇచ్చాడు. గుంటంతా నేనే తవ్వాను, ఆయన గట్టు మీద కూర్చుని చూశాడు. పారతో తవ్వాను గానీ ఆ మట్టిని చేత్తో ముట్టలేదు.

తర్వాత ఏడాది తిరక్కుండానే పోయాడు. పొద్దున పాలు పిండుతూ బర్రె పొదుగు దగ్గరే పక్కకి ఒరిగిపోయాడట. ఖాదర్ భాయ్ నా తలుపు కొట్టి, "ఉస్తాద్ గుజర్‌గయే సాబ్" అని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

పాడెని తాలీం గుమ్మం ముందు దించారు. గుంట మట్టి కుస్తీ పట్టినవాడితో పాటు కొంచెం పోవాలట, అది వాళ్ల మర్యాద. ఖాదర్ భాయ్ ఒక పళ్లెంలో మట్టి తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరూ గుప్పెడు తీసుకుని ఉస్తాద్ కుడిచేతిలో కొంచెం కొంచెం వేస్తున్నారు. అప్పుడు గల్లీ మొదట్లో జనం దారి ఇచ్చారు. యాదగిరి వచ్చాడు. ఒళ్లు వచ్చింది, తెల్ల లాల్చీ, చేతికి గడియారం. కూడా వచ్చిన ఇద్దరు మనుషుల్ని దూరంగా ఆపేసి, చెప్పులు విప్పి, వరసలో సరిగ్గా నా పక్కన నిలబడ్డాడు. ఎవరూ వాడితో మాట్లాడలేదు.

"తీస్కో బేటా" అన్నాడు ఖాదర్ భాయ్. యాదగిరి తీసుకున్నాడు. తర్వాత ఖాదర్ భాయ్ పళ్లెం నా వైపు తిప్పాడు. "మీరు గూడ తీస్కోండ్రి సాబ్."

అన్నేళ్లలో మొదటిసారి ఆ మట్టిలో చెయ్యి పెట్టాను. చల్లగా, నూనె జిడ్డుగా ఉంది. గుప్పెడు తీసి పిడికిలి బిగించాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"యాదగిరీ, ఆ రోజు తాకింది. రెండు భుజాలూ తాకాయి. నేను చూశాను."

వాడు నా మొహం చూడలేదు, పిడికిలి చూశాడు. కొడతాడేమోననుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాకెందుకు చెప్తుండ్రు సార్?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "నాకెర్కే గదా. నా చేతుల కిందనే తాకింది." పాడె వైపు చూశాడు. "ఆయనకు ఎర్క లేకుండె. ఆయనకు జెప్పాలె."

వాడు ముందుకెళ్లి, వంగి, మట్టిని ఉస్తాద్ అరచేతిలో పోసి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే ముడిచాడు. తర్వాత ఆయన మణికట్టు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎంతసేపటికీ వదలకపోతే ఖాదర్ భాయ్ వచ్చి భుజం తట్టాడు. అప్పుడు వదిలి, పాడె ముందుకొమ్ము భుజానికెత్తుకున్నాడు. నా వంతు ఇంకా ఉందని ఎవరూ చూడలేదు. నేను కూడా ఆగమనలేదు. పాడె లేచింది, గల్లీ మలుపు తిరిగింది, నేను మట్టి పిడికిట్లో పట్టుకుని ఆ గుమ్మం ముందే నిలబడ్డాను.